ఓట్ల కోసం సామాజిక వైఖరులు: ఓటర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్నికలు దగ్గర పడగానే మద్యం, రిజర్వేషన్లు, వర్గీకరణ, కులగణన, మహిళల వాటా లాంటి విషయాల మీద నాయకుల గొంతు ఒక్కసారిగా పెరుగుతుంది. వినేవాళ్లకు వచ్చే సందేహాలు మాత్రం ప్రతిసారీ ఇంచుమించు ఇవే. అందుకే వాటిని ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే విడిగా చదువుకోవచ్చు. ఉదాహరణలు ఎక్కువగా రెండు తెలుగు రాష్ట్రాలవి, కొన్ని దేశంలోని ఇతర చోట్లవి. ఎవరికి ఓటేయాలో ఇక్కడ చెప్పడం లేదు. విన్న మాటను ఎలా పరీక్షించాలో మాత్రమే చెబుతున్నాం.

## హామీ మొదటిసారి విన్నప్పుడు

పింఛను పెంపు, ఉచిత బస్సు కూడా సామాజిక వైఖరి కిందికి వస్తాయా?

నేరుగా రావు. పింఛను, బస్సు, గ్యాస్ సిలిండర్ లాంటివి సంక్షేమ పథకాలు. వాటిలో ప్రశ్న డబ్బు గురించి: ఎంత, ఎవరికి, ఎప్పటి నుంచి. సామాజిక వైఖరి అంటే సమాజంలో ఎవరి స్థానం ఏమిటి, ఎవరి హక్కు ఎంత అన్న ప్రశ్న మీద నాయకుడు ఒక పక్షం తీసుకోవడం. కూతురికి ఆస్తిలో వాటా, ఎస్సీ వర్గీకరణ (ఎస్సీ కోటాను ఉపకులాల మధ్య విడగొట్టడం), మద్యనిషేధం, ఉమ్మడి పౌరస్మృతి, కులాంతర వివాహాలకు రక్షణ ఈ కోవలోవి. పథకం వద్దనుకుంటే వచ్చే ప్రభుత్వం ఆపేయొచ్చు. హక్కు ఒకసారి చట్టంలోకి వచ్చిందంటే దాన్ని వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. ఇలాంటి హామీలను ఎక్కువ జాగ్రత్తగా వినాల్సింది అందుకే.

ఓట్ల కోసమే అంటున్నాడని తెలిసిపోతోంది. అయినా ఆ మాటను పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. ఓటు కోసం ఒక వైఖరి తీసుకోవడం దానంతట అది తప్పు కాదు. ప్రజలు ఒక విషయం మీద గట్టిగా నిలబడితే నాయకుడు దిగి రావాలనే కదా ఎన్నికలు పెట్టుకున్నది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో జరిగింది చూడండి. రోశమ్మ లాంటి ఆడవాళ్లు సారా దుకాణం ముందు నిలబడ్డారు. ఆ జిల్లాలో అప్పటికే అక్షరాస్యత ఉద్యమం నడుస్తోంది. రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు చదువుకున్న వాచకంలోనే సారా వల్ల పాడైన సంసారం కథ ఒక పాఠంగా ఉంది. చదివింది తమ బతుకే కావడంతో ఆ కోపం ఊరు దాటి జిల్లా అంతా పాకింది. సారా వేలాలను అడ్డుకున్నారు. చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను కాంగ్రెస్ ప్రభుత్వం నిషేధించింది. ప్రతిపక్షంలో ఉన్న ఎన్టీఆర్ ఇంకో అడుగు ముందుకేసి సంపూర్ణ మద్యనిషేధం హామీ ఇచ్చారు. 1980ల్లో ఆయన ప్రభుత్వ హయాంలోనే ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వ సారా పల్లెలకు చేరింది. అలాంటి నాయకుడి చేత నిషేధం హామీ ఇప్పించింది ఆ ఆడవాళ్ల పోరాటం. ఆయన లెక్కలో ఓట్లు ఉండి ఉండొచ్చు. ఆ ఓట్లకు అంత బరువు తెచ్చింది మాత్రం దుకాణాల ముందు నిలబడ్డవాళ్లే.

నిజంగా నమ్మి చెబుతున్నాడా, ఓట్ల కోసం చెబుతున్నాడా? ఎలా తెలుస్తుంది?

మనసులో ఏముందో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ అంతగా లేదు. దాని బదులు ఆ మాట కోసం ఆయన ఏం వదులుకున్నాడో చూడండి. ఎక్కడ చెబితే చప్పట్లు వస్తాయో అక్కడే చెప్పాడా, చిరాకు పడేవాళ్ల ముందు కూడా అదే చెప్పాడా? పదవి పోతుందని తెలిసినా నిలబడ్డాడా?

హిందూ కోడ్ బిల్లు విషయంలో అంబేద్కర్ దీనికి పెద్ద ఉదాహరణ. స్త్రీలకు ఆస్తిలో వాటా, విడాకుల హక్కు ఇచ్చే ఆ బిల్లు పార్లమెంటులో ముందుకు సాగలేదు. మొదటి సాధారణ ఎన్నికలు తలుపు తడుతున్న 1951 సెప్టెంబరులో, ముఖ్యంగా ఆ కారణంతో, ఆయన న్యాయశాఖ మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆ ఎన్నికల్లో ఓడిపోయారు కూడా. గెలిచి వచ్చిన నెహ్రూ ప్రభుత్వం 1955, 56 సంవత్సరాల్లో ఆ బిల్లునే నాలుగు చట్టాలుగా విడగొట్టి ఆమోదింపజేసింది. ఒకరు పదవి వదులుకున్నారు, ఇంకొకరు ఎన్నికలు దాటేదాకా ఆగి పని పూర్తి చేశారు. చరిత్రలో ఇద్దరి పాత్రా ఉంది. అయితే నమ్మకానికి రుజువు అడిగితే మాత్రం రాజీనామా లేఖను మించింది లేదు.

నోటిఫికేషన్‌కు ముందు రోజుల్లో హడావుడిగా తీసుకునే నిర్ణయాలు నిలుస్తాయా?

కొన్ని నిలుస్తాయి, కొన్ని కూలిపోతాయి. 2014 మార్చి 4న యూపీఏ ప్రభుత్వం జాట్లను కేంద్ర ఓబీసీ జాబితాలో చేర్చింది. మర్నాడే ఎన్నికల షెడ్యూలు వచ్చింది. జాతీయ బీసీ కమిషన్ వద్దని సలహా ఇచ్చినా చేసిన పని అది. 2015 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కర్ణాటకలో 2023 మార్చిలో, ఎన్నికలకు కొద్ది వారాల ముందు, అప్పటి బీజేపీ ప్రభుత్వం ముస్లింల 4 శాతం కోటాను తీసి లింగాయతులకు, వొక్కలిగలకు చెరి 2 శాతం పంచింది. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది, అమలు కాలేదు.

ఇంకోవైపు, 2019 జనవరిలో ఆర్థికంగా వెనుకబడిన అగ్రవర్ణాలకు 10 శాతం రిజర్వేషన్ కూడా ఎన్నికల ముంగిట్లో వచ్చిందే. దాన్ని రాజ్యాంగ సవరణ ద్వారా తెచ్చారు. 2022 నవంబరులో సుప్రీంకోర్టు 3:2 తీర్పుతో సమర్థించింది. అంటే తేదీ ఒక్కటే చూసి తీర్పు చెప్పలేం. ఉత్తర్వుతో తెచ్చారా, చట్టంతోనా, రాజ్యాంగ సవరణతోనా? దాని వెనుక కమిషన్ నివేదిక, తాజా లెక్కలు ఉన్నాయా? నిలుస్తుందా లేదా అన్నది వీటిని బట్టే ఉంటుంది.

మా కులాన్ని ఎస్టీల్లో చేరుస్తామని ప్రతి ఎన్నికల్లోనూ చెబుతారు. అది రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉందా?

లేదు. రాజ్యాంగంలోని 341, 342 అధికరణల ప్రకారం ఎస్సీ, ఎస్టీ జాబితాల్లో మార్పు చేయగలిగేది పార్లమెంటు ఒక్కటే. రాష్ట్రం చేయగలిగిందల్లా అధ్యయనం చేయించి, సిఫారసు పంపడం. ఆంధ్రప్రదేశ్‌లో వాల్మీకి బోయలను ఎస్టీల్లో చేర్చాలని 2017 డిసెంబరులో టీడీపీ ప్రభుత్వం, 2023 మార్చిలో వైసీపీ ప్రభుత్వం అసెంబ్లీలో తీర్మానాలు చేసి కేంద్రానికి పంపాయి. తీర్మానం అయిన రోజు మిఠాయిలు పంచుతారు, ఫ్లెక్సీలు కడతారు. జాబితా మాత్రం ఆ రోజు మారదు.

కాబట్టి ‘చేరుస్తాం’ అన్న నాయకుడిని ఒక్క మాట అడగండి: ఢిల్లీలో దీన్ని ఎవరు, ఏ పద్ధతిలో ముందుకు తీసుకెళ్తారు? ఇప్పటికే ఆ జాబితాలో ఉన్న గిరిజనుల అభ్యంతరాలకు మీ సమాధానం ఏమిటి? ఈ రెండో ప్రశ్నకు వేదిక మీద జవాబు చెప్పేవాళ్లు చాలా తక్కువ.

స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం అన్నారు, తర్వాత ఆగిపోయింది. తప్పు ఎక్కడ జరిగింది?

2023 నవంబరులో కామారెడ్డి డిక్లరేషన్‌లో తెలంగాణ కాంగ్రెస్ ఈ హామీ ఇచ్చింది. గెలిచాక 2024 చివర్లో ఇంటింటి కులసర్వే చేయించింది. ముస్లిం బీసీలను కూడా కలిపితే బీసీలు 56 శాతం పైనే ఉన్నారని తేలింది. 2025 మార్చిలో అసెంబ్లీ బిల్లులు ఆమోదించి రాష్ట్రపతికి పంపింది. అక్కడ ఆలస్యం కావడంతో సెప్టెంబరులో జీవో ఇచ్చింది. అక్టోబరు 9న హైకోర్టు దానిపై స్టే ఇచ్చింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు.

చిక్కుముడి 50 శాతం పరిమితి దగ్గర ఉంది. స్థానిక సంస్థల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ కోటాలు అన్నీ కలిపి సగం దాటకూడదని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. హామీ ఇచ్చిన రోజుకే ఆ అడ్డంకి ఉంది. సర్వే, బిల్లు నిజంగానే జరిగాయి కాబట్టి ప్రయత్నం లేదనడం న్యాయం కాదు. అడ్డంకి సంగతి ప్రచారంలోనే జనానికి విడమరిచి చెప్పాల్సింది. కేంద్రం సహకారం లేకుండా కానిదాన్ని రాష్ట్రం ఒక్కటే చేసేస్తుందన్నట్టు ఏ పార్టీ మాట్లాడినా నష్టపోయేది ఆశ పెట్టుకున్న బీసీలే.

మేనిఫెస్టోలో రాసి ఇస్తే కోర్టుకు వెళ్లి అమలు చేయించుకోవచ్చా?

కుదరదు. మేనిఫెస్టో హామీ ఒప్పందం కాదు. ఎన్నికల చట్టం ప్రకారం అది అవినీతి చర్య కిందికి కూడా రాదని 2013లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు తర్వాత ఎన్నికల సంఘం మార్గదర్శకాలు తెచ్చింది. హామీ వెనుక హేతువు, దానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో స్థూలంగా చెప్పాలన్నది అందులో ఉంది. అయినా కాగితం మీద ఉండటానికి విలువ ఉంది. సభలో అన్న మాటను ‘వక్రీకరించారు’ అని తప్పించుకోవచ్చు, అచ్చయిన వాక్యాన్ని కాదనడం కష్టం. మేనిఫెస్టో ప్రతిని దాచుకోండి. పార్టీలు తమ వెబ్‌సైట్ల నుంచి పాతవి తీసేస్తే తర్వాత దొరకవు.

## ప్రచారం జోరు మీద ఉన్నప్పుడు

కులం పేరు, మతం పేరు చెప్పి ఓటు అడగొచ్చా?

అడగకూడదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 123(3) సెక్షన్ ప్రకారం మతం, జాతి, కులం, సముదాయం, భాష ఆధారంగా ఓటు వేయమనడం గానీ, వేయొద్దనడం గానీ అవినీతి చర్య. రుజువైతే గెలిచిన ఎన్నిక రద్దవుతుంది. 2017 జనవరి 2న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4:3 మెజారిటీతో దీన్ని ఇంకా గట్టి చేసింది. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతాన్ని చూపించి అడిగినా తప్పే.

ఈ చట్టం ఊరికే పుస్తకంలో ఉన్నది కాదు. 1987 నాటి ముంబై విలేపార్లే ఉప ఎన్నికలో మతం పేరుతో చేసిన ప్రసంగాల వల్ల గెలిచిన అభ్యర్థి ఎన్నిక రద్దయింది. ఆ ప్రసంగాలు చేసిన బాల్ ఠాక్రే ఆరేళ్లపాటు ఓటు హక్కు కోల్పోయారు.

అలాగని ఒక కులానికి జరిగిన అన్యాయం గురించి మాట్లాడటం నేరం అనుకోవద్దు. ‘ఫలానా వాళ్లకు శ్మశానానికి దారి లేదు, నేను వేయిస్తాను’ అనడం వేరు. ‘నేను మీ కులంవాణ్ని, నాకే వేయాలి’ అనడం వేరు. హద్దు సన్నగా ఉన్నచోట ఆ ప్రసంగం ఎలా సాగిందో చూసి కోర్టులు తేలుస్తాయి.

అలా అడిగితే ఎవరికి చెప్పాలి?

ఎన్నికల ప్రవర్తనా నియమావళి (కోడ్) అమల్లో ఉన్నప్పుడు ఎన్నికల సంఘం వారి సి-విజిల్ యాప్‌లో ఫొటో గానీ వీడియో గానీ పెట్టొచ్చు. ఫిర్యాదుపై 100 నిమిషాల్లో స్పందించాలన్నది ఆ యాప్ నియమం. 1950 నంబరుకు ఫోన్ చేయొచ్చు. రిటర్నింగ్ అధికారికి రాతపూర్వకంగా కూడా ఇవ్వొచ్చు. ఫలితాలు వచ్చేశాక ఎన్నికను సవాలు చేయాలంటే హైకోర్టులో పిటిషన్ వేయాలి. అభ్యర్థితో పాటు ఆ నియోజకవర్గ ఓటరు ఎవరైనా వేయొచ్చు. గడువు 45 రోజులు.

ఒక వర్గాన్ని చూపించి ఇంకో వర్గాన్ని భయపెట్టడం కూడా ‘వైఖరి’ అనే అంటున్నారు. దాన్ని ఎలా గుర్తుపట్టాలి?

సమస్య గురించి మాట్లాడేవాడి ప్రసంగంలో పరిష్కారం ఉంటుంది: చట్టం, నిధులు, గడువు, బాధ్యత వహించే శాఖ. భయం అమ్మేవాడి ప్రసంగంలో పక్కింటివాళ్లు ఉంటారు. వాళ్లు పెరిగిపోతున్నారు, మీది లాక్కుంటున్నారు, రేపు మీకేమీ మిగలదు అంటాడు. చివరికి ఏం చేస్తాడో చెప్పడు. ‘నన్ను గెలిపించండి చాలు’ అంటాడు.

ఇక్కడ మేం తటస్థంగా ఉండలేం. మద్యనిషేధం హామీ విఫలమైతే ఖజానాకు, కుటుంబాలకు నష్టం. అది కొన్నేళ్లకు సర్దుకోవచ్చు. ఒకే వీధిలో ఉండే రెండు వర్గాల మధ్య ఎన్నికల కోసం పెట్టిన అనుమానం మాత్రం ఓట్ల లెక్కింపుతో పోదు. పిల్లల స్నేహాల దాకా, ఇళ్లు అద్దెకు ఇవ్వడం దాకా వెళ్తుంది. మిగతా వాగ్దానాలు మీకు ఎంత లాభం కలిగించేవైనా సరే, ఈ పని చేసిన నాయకుడికి ఓటు వేసే ముందు ఒకటికి పదిసార్లు ఆలోచించమని కోరుతున్నాం.

ఒక ఊళ్లో ఒక మాట, ఇంకో ఊళ్లో ఇంకో మాట చెబుతున్నాడు. వాట్సాప్‌లో వచ్చే క్లిప్పులు నమ్మొచ్చా?

పది, పదిహేను సెకన్ల క్లిప్పును మాత్రం నమ్మొద్దు. ముందూ వెనుకా కత్తిరిస్తే ఖండించిన మాట కూడా సమర్థించినట్టు వినిపిస్తుంది. పెద్ద నాయకుల సభలు దాదాపు అన్నీ యూట్యూబ్‌లో పూర్తిగా ఉంటాయి. తేదీ, ఊరు చూసి పూర్తి ప్రసంగం వినండి. నిజంగానే రెండు చోట్ల రెండు మాటలు ఉంటే, ఆ రెండూ పక్కపక్కన పెట్టి స్థానిక అభ్యర్థినే అడగండి.

## ఓటు ఎవరికో తేల్చుకునేటప్పుడు

మా ఎంపీ ఒక బిల్లుకు అనుకూలంగా ఓటేశాడో లేదో చూడటం కుదురుతుందా?

కొన్నిటికే కుదురుతుంది. మన చట్టసభల్లో ఎక్కువ బిల్లులు మూజువాణి ఓటుతో పాసవుతాయి. ‘అవును’ అన్నవాళ్ల గొంతు గట్టిగా ఉందని సభాపతి ప్రకటిస్తే అయిపోయింది, ఎవరు ఎటు అన్నది నమోదు కాదు. సభ్యులు డివిజన్ (ఓట్లు లెక్కపెట్టడం) అడిగినప్పుడే ఎటు ఎన్ని ఓట్లు అన్నది రికార్డుకు ఎక్కుతుంది. రాజ్యాంగ సవరణ బిల్లులకు ప్రత్యేక మెజారిటీ కావాలి కాబట్టి ఓటింగు లెక్క తప్పకుండా ఉంటుంది.

ఇంకో సంగతి. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం వల్ల పార్టీ విప్ (ఎటు ఓటేయాలో చెప్పే ఆదేశం) జారీ చేస్తే దాన్ని మీరిన సభ్యుడి పదవికే ముప్పు. అందుకని ఓటు కన్నా మాట ఎక్కువ చెబుతుంది. చర్చలో ఏం మాట్లాడాడు, ఏ ప్రశ్నలు వేశాడు, అసలు ఆ రోజు సభలో ఉన్నాడా? పార్లమెంటు చర్చలు అధికారిక వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. హాజరు, ప్రశ్నల వివరాలను పీఆర్ఎస్ సంస్థ తేలిగ్గా చూసుకునేలా పెడుతుంది. అభ్యర్థులపై ఉన్న కేసులు, ఆస్తుల అఫిడవిట్లు మైనేతా సైట్‌లో ఉంటాయి. మహిళల భద్రత గురించి గొంతు చించుకునే అభ్యర్థి మీద మహిళలపై నేరాల కేసులు ఏమైనా ఉన్నాయా అన్నది అక్కడ నిమిషాల్లో తేలిపోతుంది.

నిన్న వద్దన్నది ఈ రోజు కావాలంటున్నాడు. మాట మార్చిన నాయకుడిని నమ్మొచ్చా?

మాట మార్చడం ఒక్కటే చూసి కొట్టిపారేయకండి. కులగణన సంగతి తీసుకోండి. 2011లో యూపీఏ హయాంలో మొదలైన సామాజిక ఆర్థిక కులగణనలో కులాల వివరాలు సేకరించారు, బయటపెట్టలేదు. తర్వాత అదే కాంగ్రెస్ దేశమంతటా కులగణన కావాలని ప్రచారం చేసింది. ఎన్డీఏ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీలు తప్ప మిగతా కులాల లెక్క తీయబోమని 2021లో పార్లమెంటుకు చెప్పింది. 2025 ఏప్రిల్ 30న జనగణనలోనే కులాల లెక్క తీస్తామని ప్రకటించింది. రెండు పక్షాలూ మారాయి.

మారినందుకు కారణం చెప్పాడా? పాత మాట తప్పని ఒప్పుకున్నాడా, అసలు ఎప్పుడూ అలా అనలేదంటున్నాడా? మారిన మాటకు తగ్గ పని మొదలైందా? ఈ మూడింటికీ మంచి జవాబు ఉంటే మార్పును ఆహ్వానించొచ్చు. పాత మాటను చెరిపేయాలని చూసేవాడు కొత్త మాటను కూడా చెరిపేయగలడు.

అన్ని పార్టీలూ మహిళల గురించి గొప్పగా మాట్లాడతాయి. టికెట్లు ఎందుకు ఇవ్వవు?

ఎందుకంటే టికెట్ ఇస్తే ఇంకొకరి టికెట్ పోతుంది. మాటకు ఆ ఖర్చు లేదు. చట్టసభల్లో మూడో వంతు సీట్ల బిల్లు మొదటిసారి 1996లో లోక్‌సభకు వచ్చింది. తర్వాత పలుమార్లు ప్రవేశపెట్టారు, చించేశారు, పక్కన పెట్టారు. 2010 మార్చి 9న రాజ్యసభ ఆమోదించినా లోక్‌సభలో ఓటింగుకే రాలేదు. 2023 సెప్టెంబరులో కొత్త బిల్లు లోక్‌సభలో 454-2 తేడాతో గట్టెక్కింది. అంత ఏకాభిప్రాయం ఉన్న చట్టానికీ జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలు అన్న షరతు పెట్టారు.

మరి ఆ ఓటింగు అయిన కొన్ని నెలలకే వచ్చిన 2024 ఎన్నికల్లో, చట్టం కోసం ఆగకుండా టికెట్లు ఇచ్చే స్వేచ్ఛ ప్రతి పార్టీకీ ఉంది. గెలిచిన మహిళలు 543లో 74 మంది. పార్టీ అనుకుంటే చట్టం లేకుండానే చేయొచ్చని 2019లో ఒడిశాలో బిజూ జనతాదళ్ లోక్‌సభ టికెట్లలో మూడో వంతు మహిళలకు ఇచ్చి చూపించింది. అందుకే మహిళల విషయంలో ప్రసంగాలు పక్కన పెట్టి అభ్యర్థుల జాబితా చూడండి.

ఒకే ఒక్క అంశం చూసి ఓటేయడం తప్పా?

తప్పు కాదు. తాగుడు వల్ల ఇల్లు గుల్లయిన మనిషికి మద్యం ఒక్కటే అంశం కావచ్చు. ముప్పై ఏళ్లు వర్గీకరణ కోసం తిరిగిన మనిషిని ‘అన్నీ చూసి ఓటేయండి’ అనడం సులువే, అతని బాధ తెలియనివాళ్లకు. కాకపోతే ఆ ఒక్క అంశంలో ఆ పార్టీ చేతిలో నిజంగా అధికారం ఉందా అన్నది ముందు రూఢి చేసుకోండి.

మా ఇంట్లోనే ఈ విషయాల మీద గొడవలు. అమ్మానాన్నలతో ఎలా మాట్లాడాలి?

పార్టీ పేరు ఎత్తకుండా మొదలుపెట్టండి. ‘మీ నాయకుడు’ అనగానే వాళ్లు కాపాడుకునే పనిలో పడతారు. ‘నాన్నా, ఈ హామీ వల్ల మనకేం మారుతుంది?’ అని అడిగితే మాట వేరే దారిలో నడుస్తుంది. టీవీ చర్చ నడుస్తుండగా మాత్రం ఈ ప్రయత్నం చేయొద్దు.

## గెలిచిన తర్వాత

మద్యనిషేధం హామీ ఎందుకు నిలవదు?

రాష్ట్ర ఖజానా దాని మీద ఆధారపడి ఉంది కాబట్టి. మద్యంపై అధికారం పూర్తిగా రాష్ట్రానిదే. రాజ్యాంగంలోని 47వ అధికరణ మద్యనిషేధానికి ప్రయత్నించాలని కూడా చెబుతోంది. చట్టపరంగా అడ్డు లేదు. అడ్డు ఆదాయం దగ్గర వస్తుంది. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు, దాని మీద పన్ను రాష్ట్రం తనకు నచ్చినట్టు వేసుకోవచ్చు. అలాంటి రాబడి వనరులు రాష్ట్రాలకు ఇప్పుడు చాలా తక్కువ మిగిలాయి.

1994 డిసెంబరులో ప్రమాణ స్వీకారం చేసిన ఎన్టీఆర్ మాట నిలబెట్టుకున్నారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం అమల్లోకి వచ్చింది. పక్క రాష్ట్రాల నుంచి సరుకు రావడం, నాటుసారా పెరగడం, ఆదాయం పడిపోవడం అన్నీ కలిసి 1997లో చంద్రబాబు ప్రభుత్వం నిషేధాన్ని ఎత్తేసింది. సారాపై నిషేధం మాత్రం కొనసాగింది. హర్యానాలో 1996లో బన్సీలాల్ ఇదే హామీతో వచ్చి అమలు చేసి, 1998లో వెనక్కి తగ్గారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దశలవారీ నిషేధం అన్నారు. దుకాణాలను ప్రభుత్వమే తీసుకుంది, ధరలు పెరిగాయి, నిషేధం దాకా వెళ్లలేదు. 2024 అక్టోబరులో కొత్త ప్రభుత్వం మళ్లీ ప్రైవేటు దుకాణాలకు లైసెన్సులు ఇచ్చింది. బిహార్‌లో 2016 ఏప్రిల్ నుంచి నిషేధం నిలిచే ఉంది. అక్కడ మహిళల మద్దతు దానికి గట్టి అండ. అదే రాష్ట్రంలో 2022 డిసెంబరులో కల్తీ సారా తాగి సారణ్ జిల్లాలో డజన్ల మంది చనిపోయారు.

ఇన్నేళ్ల అనుభవం తర్వాత ‘నిషేధిస్తాం’ అన్న మాట ఒక్కటే సరిపోదు. పోయే ఆదాయం ఎక్కడి నుంచి తెస్తారు? కల్తీ సారాను ఎలా ఆపుతారు? అలవాటు పడ్డవాళ్లకు చికిత్సా కేంద్రాలు ఎన్ని పెడతారు? ఈ మూడో ప్రశ్న దాదాపు ఎవరూ అడగరు. ఆడవాళ్లు పడుతున్న అసలు బాధ అక్కడే ఉంది.

చట్టం వచ్చేసిందిగా, ఇక పని అయిపోయినట్టేనా?

సగం అయినట్టు. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. కేంద్ర చట్టం అంత దూరం రావడానికి 2005 దాకా పట్టింది. రాష్ట్రం చేయగలిగిన గొప్ప పనుల్లో అదొకటి. అయినా కూతుళ్ల చేత వాటా వదులుకుంటున్నట్టు సంతకం పెట్టించడం ఇప్పటికీ ఎన్ని ఇళ్లలో జరుగుతోందో మీ చుట్టూ చూస్తే తెలుస్తుంది. ఆ సంతకాలను ఆపమని ఏ నాయకుడూ ఓటు అడగలేదు.

డబ్బు సంగతి కూడా అంతే. ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళికకు ఉమ్మడి రాష్ట్రంలో 2013లో చట్టం వచ్చింది. కేటాయించిన నిధులు ఖర్చు కాకపోతే ఏమవుతాయన్నది ఎప్పుడూ ఉన్న గొడవే. కేటాయింపు ఎంత, నిజంగా ఖర్చయింది ఎంత అన్న రెండు అంకెలూ బడ్జెట్ పత్రాల్లో ఉంటాయి. కులానికో కార్పొరేషన్ పెట్టామని చెప్పినప్పుడు కూడా ఆ రెండు అంకెలే అడగాలి.

వర్గీకరణకు ముప్పై ఏళ్లు పట్టింది. నాయకుల వల్ల వచ్చిందా, ఉద్యమం వల్లా?

ఉద్యమమే లేకపోతే నాయకుల నోట ఆ మాటే వచ్చేది కాదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో వర్గీకరణ కోసం మాదిగ దండోరా ఉద్యమం మొదలైంది. టీడీపీ ప్రభుత్వం 2000లో చట్టం చేసింది. 2004 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత దాదాపు ప్రతి ఎన్నికల్లో ప్రతి పార్టీ మద్దతు ప్రకటించింది. 2023 నవంబరులో తెలంగాణ ఎన్నికల వేళ ప్రధాని మోదీ హైదరాబాద్ సభకు వచ్చి మద్దతు పలికారు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు 6:1 తీర్పుతో రాష్ట్రాలకు ఆ అధికారం ఉందని చెప్పింది. 2025 ఏప్రిల్‌లో 15 శాతం ఎస్సీ కోటాను మూడు గ్రూపులకు తెలంగాణ 1, 9, 5 శాతాలుగా, ఆంధ్రప్రదేశ్ 1, 6.5, 7.5 శాతాలుగా అమల్లోకి తెచ్చాయి. ఈ విభజనపై మాల సంఘాల అభ్యంతరాలు ఉన్నాయి, వాటినీ వినాలి. ఏ ఒక్క పార్టీ అయినా ‘మేమే ఇచ్చాం’ అంటే మాత్రం ఈ తేదీలన్నీ గుర్తుచేయండి.

ఓట్లు పోతాయని ఇచ్చిన న్యాయాన్ని వెనక్కి తీసుకున్న సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి. 1985 ఏప్రిల్‌లో షాబానో అనే వృద్ధురాలికి మాజీ భర్త భరణం ఇవ్వాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాజీవ్ గాంధీ ప్రభుత్వం మొదట తీర్పును సమర్థించింది. మత పెద్దల వ్యతిరేకత, ఉప ఎన్నికల ఓటములు చూశాక 1986లో ఆ తీర్పును పక్కకు నెట్టే చట్టం తెచ్చింది. సమర్థించి మాట్లాడిన మంత్రి ఆరిఫ్ మహమ్మద్ ఖాన్ రాజీనామా చేశారు. అదే ఏడాది ఫిబ్రవరిలో అయోధ్యలో హిందువుల పూజల కోసం బాబ్రీ మసీదు తాళాలు తెరుచుకున్నాయి. ఒక వర్గాన్ని మెప్పించి, ఇంకో వర్గాన్ని ఊరడించిన ఆ లెక్కలో విడాకులు పొందిన ముస్లిం స్త్రీ గురించి ఎవరూ ఆలోచించలేదు. 2001లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే స్త్రీలకు మేలు జరిగేలా అన్వయించి కొంత సరిచేసింది.

ఇలాంటి వైఖరులకు నిజంగా ఓట్లు పడతాయా?

ప్రతిసారీ పడవు. 2018 మార్చిలో కర్ణాటక కాంగ్రెస్ ప్రభుత్వం లింగాయతులకు ప్రత్యేక మత హోదా సిఫారసు చేసింది, మే ఎన్నికల్లో మెజారిటీ పోగొట్టుకుంది. 2023లో కోటాలు మార్చిన బీజేపీ ప్రభుత్వమూ ఓడింది. 1994లో టీడీపీకి 294లో 216 సీట్లు వచ్చాయి. అందులో మద్యనిషేధం వాటా పెద్దదే, కానీ రెండు రూపాయల కిలో బియ్యం, కాంగ్రెస్‌లోని కుమ్ములాటలు కూడా పనిచేశాయి. ఏ ఓటు ఎందుకు పడిందో విడదీసి చూపగల యంత్రం లేదు.

హామీ మర్చిపోయిన నాయకుడిని ఐదేళ్ల మధ్యలో ఎలా నిలదీయాలి?

రాతపూర్వకంగా. ముందు సమాచార హక్కు చట్టం కింద సంబంధిత శాఖకు దరఖాస్తు పెట్టండి. ‘హామీ ఏమైంది’ అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే అది అభిప్రాయం అడిగినట్టు. ‘ఈ విషయంపై జారీ అయిన జీవోల ప్రతులు, ఈ పద్దు కింద ఈ ఏడాది విడుదలైన మొత్తం, ఖర్చయిన మొత్తం ఇవ్వండి’ అని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాకపోతే మొదటి అప్పీలు, తర్వాత సమాచార కమిషన్.

ఆ కాగితం పట్టుకుని ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లి, అసెంబ్లీలో ఈ ప్రశ్న వేయమని అడగండి. సభలో మంత్రి ఇచ్చిన హామీకి ఎన్నికల సభలో ఇచ్చిన హామీకన్నా బరువు ఎక్కువ. అది ప్రభుత్వ హామీల కమిటీ పరిశీలనకు వెళ్తుంది, అమలైందో లేదో ఆ కమిటీ అడుగుతుంది. ఒక్కరు వెళ్తే పీఏ దగ్గరే ఆగిపోవచ్చు. మహిళా సంఘం తరఫునో, కుల సంఘం తరఫునో, కాలనీ సంఘం తరఫునో పదిమంది సంతకాలతో వెళ్లండి, ఇచ్చిన లేఖ నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి.